లినక్స్‌లో ఏ టెర్మినల్ పెట్టుకోవాలి? మీ పని, మీ మెషీన్, మన తెలుగు

మా పిన్ని కొడుకు ఇంజినీరింగ్ సెకండియర్, మొన్న సెలవులకి వచ్చినప్పుడు పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ ఎక్కించుకుని నా పక్కన కూర్చున్నాడు. "అన్నా, హాస్టల్లో ఒకడు ఘోస్టీ బెస్ట్ అంటాడు, ఇంకోడు కిట్టీ అంటాడు, సీనియర్ ఒకాయన అలాక్రిటీ తప్ప వేరేది ముట్టుకోవద్దంటాడు, అసలు ఏది పెట్టుకోవాలి?" అని అడిగాడు. ఒక్క ముక్కలో చెప్పలేకపోయా. ఎందుకంటే వాడి ల్యాప్‌టాప్ వేరు, వాళ్ళ సీనియర్ ల్యాప్‌టాప్ వేరు, నేను రోజంతా చేసే పని ఇంకా వేరు. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ఏడెనిమిది టెర్మినళ్ళు ఎక్కించి, వాడి చూసి, తీసేసి ఒక దారికి వచ్చాం, అదే ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక చిన్న చిక్కు తీసేద్దాం, కొత్తగా వచ్చినవాళ్ళు చాలామంది ఇక్కడే తికమక పడతారు. టెర్మినల్ వేరు, షెల్ వేరు. బాష్, జెడ్‌షెల్, ఫిష్ ఇవి షెల్స్, మీరు కొట్టిన కమాండ్‌ని అర్థం చేసుకుని నడిపేది అవి. టెర్మినల్ అంటే ఆ అక్షరాల్ని తెరమీద గీసే, మీ కీబోర్డు నొక్కుల్ని షెల్‌కి అందించే కిటికీ అన్నమాట. ప్రాంప్ట్ బాలేదు, ఆటో కంప్లీషన్ రావట్లేదు అని టెర్మినల్ మార్చేస్తే ఏమీ మారదు, అది షెల్ సంగతి. మరి ఎమ్యులేటర్ అని ఎందుకంటారంటే 1978లో డీఈసీ కంపెనీ వీటీ100 అని ఒక మెషీన్ తెచ్చింది, తెర, కీబోర్డు ఉండి వైరుతో పెద్ద కంప్యూటర్‌కి తగిలించేవాళ్ళు. ఈరోజు మనం వాడే ప్రతీ టెర్మినల్ సాఫ్ట్‌వేర్‌గా ఆ మెషీన్‌ని అనుకరిస్తూనే ఉంది. కొత్త కిటికీ తెరిస్తే 80 నిలువు గళ్ళు, 24 అడ్డ వరసలు వస్తాయే, అది అక్కడి నుంచి వచ్చిందే. ఈ గళ్ళ లెక్క గుర్తుపెట్టుకోండి, తెలుగు దగ్గరికి వచ్చినప్పుడు పని పడుతుంది.

ఉన్నదాన్ని ముందు చూడండి

మీ డెస్క్‌టాప్‌తో పాటే ఒక టెర్మినల్ వచ్చి ఉంటుంది కదా, చాలామందికి అది చాలు, నేను మనస్ఫూర్తిగానే అంటున్నా. మింట్ సిన్నమన్‌లో గ్నోమ్ టెర్మినల్ ఉంటుంది, ఎక్స్‌ఎఫ్‌సీఈ వాడితే దాని సొంత టెర్మినల్, కేడీఈ ప్లాస్మాలో కాన్సోల్, రాస్ప్‌బెర్రీ పైలో ఎల్ఎక్స్ టెర్మినల్. ఫెడోరా వర్క్‌స్టేషన్ 41 నుంచి, ఉబుంటు 25.10 నుంచి టిక్సిస్ అనే కొత్తది డీఫాల్ట్‌గా వస్తోంది, స్పెల్లింగ్‌లో ముందు పి ఉంటుంది కానీ పలకరు. టిక్సిస్‌లో నాకు బాగా నచ్చింది ఏంటంటే పాడ్‌మ్యాన్, డిస్ట్రోబాక్స్ లాంటి వాటితో చేసుకున్న కంటైనర్లు, అంటే మెషీన్ లోపలే విడిగా నడిచే చిన్న లినక్స్ గదులు, మీ మెషీన్‌లో ఉంటే మెనూలోనే కనిపిస్తాయి, నొక్కితే నేరుగా దాని లోపల ట్యాబ్ తెరుచుకుంటుంది. కంటైనర్లలో పనిచేసేవాళ్ళకి ఇది నిజంగా చేతికి అందొచ్చిన సౌకర్యం.

ఇక్కడ ఒక విషయం తెలిస్తే సగం వెతుకులాట తగ్గిపోతుంది. గ్నోమ్ టెర్మినల్, టిక్సిస్, ఎక్స్‌ఎఫ్‌సీఈ టెర్మినల్, మాటే టెర్మినల్, టెర్మినేటర్, టిలిక్స్, గ్వేక్, ఎల్ఎక్స్ టెర్మినల్, వీటన్నిటి లోపల ఉన్న ఇంజిన్ ఒక్కటే, వీటీఈ అనే లైబ్రరీ. పైన బటన్లు, మెనూలు, కిటికీ చీల్చే పద్ధతి మాత్రమే తేడా. అంటే గ్నోమ్ టెర్మినల్‌లో తెలుగు వత్తులు విడిపోతున్నాయని టిలిక్స్‌కి మారితే అక్కడా విడిపోతాయి, మారినంత మాత్రాన ఏమీ ఒరగదు. ఇంజిన్ వేరేది కావాలంటే కాన్సోల్, కిట్టీ, అలాక్రిటీ, ఫుట్, వెజ్‌టర్మ్, ఘోస్టీ, ఎక్స్‌టర్మ్, వీటి వైపు చూడాలి.

స్పీడు గురించి అసలు సంగతి

అలాక్రిటీ 2017లో వచ్చినప్పుడు చేసిన పెద్ద ప్రచారం స్పీడే. రస్ట్‌లో రాశారు, గ్రాఫిక్స్ కార్డుతో గీస్తుంది, అది నిజంగానే వేగం. కానీ ఆ స్పీడు మీకు ఎక్కడ కనిపిస్తుంది అనేది ఆలోచించాలి. లక్షల లైన్ల లాగ్ ఫైల్‌ని ఒక్కసారిగా తెరమీదకి వదిలినప్పుడు కనిపిస్తుంది, పెద్ద ప్రాజెక్ట్ కంపైల్ అవుతూ అక్షరాలు వరదలా వస్తున్నప్పుడు కనిపిస్తుంది, విమ్‌లో ఫుల్ స్క్రీన్ పెట్టి గబగబా స్క్రోల్ చేస్తే కొంచెం తెలుస్తుంది. ఫోల్డర్ మార్చుకోవడం, గిట్ కమిట్ చేయడం, పైథాన్ స్క్రిప్ట్ నడపడం, ఇలాంటి పనుల్లో అస్సలు తెలీదు. పైగా 2024 మార్చిలో గ్నోమ్ 46తో పాటు వీటీఈలో పెద్ద మార్పులు జరిగాయి, అంతకుముందు సెకనుకి 40 సార్లు మాత్రమే తెర మార్చేది, ఇప్పుడు మానిటర్ రిఫ్రెష్ రేటుతో కలిసి నడుస్తుంది, కీ నొక్కిన వెంటనే అక్షరం పడుతుంది. కాబట్టి గ్నోమ్ టెర్మినల్ నెమ్మది అని ఎప్పుడో ఐదారేళ్ళ కిందట ఎవరో చెప్పింది పట్టుకుని ఇప్పుడు మారొద్దు, మీ వెర్షన్ కొత్తదైతే ఆ మాట పాతబడిపోయింది.

మీ మెషీన్ ఏంటి

స్పీడు కన్నా ముందు చూడాల్సింది ఇదే, దీన్ని ఎవరూ చెప్పరు. కిట్టీ, అలాక్రిటీ, ఘోస్టీ, వెజ్‌టర్మ్ అన్నీ గ్రాఫిక్స్ కార్డు మీద ఆధారపడేవి. అలాక్రిటీ పాత కార్డులతో కూడా సర్దుకుంటుంది, ఓపెన్‌జీఎల్ (ప్రోగ్రామ్‌లు గ్రాఫిక్స్ కార్డు చేత గీయించుకునే పద్ధతి) ఈఎస్ 2.0 ఉన్నా సరిపోతుంది. ఘోస్టీ మాత్రం లినక్స్‌లో 1.2 వెర్షన్ నుంచి ఓపెన్‌జీఎల్ 4.3 అడుగుతోంది. మా తమ్ముడి ల్యాప్‌టాప్ మూడో తరం ఇంటెల్ ప్రాసెసర్, లోపల ఇంటెల్ హెచ్‌డీ 4000 గ్రాఫిక్స్, అది లినక్స్‌లో 4.2 దగ్గర ఆగిపోతుంది. పాపం వాడు ఘోస్టీ ఎక్కించి ఓపెన్ చేస్తే టెర్మినల్ రాలేదు, ఎర్రర్ వచ్చింది, తన తప్పేదో ఉందనుకుని ఒక పూటంతా డ్రైవర్లు మార్చుకుంటూ కూర్చున్నాడట. తప్పు ఎవరిదీ కాదు, ఆ చిప్ అంతవరకే. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆఫీసు ల్యాప్‌టాప్‌లు మన దగ్గర స్టూడెంట్స్ చేతుల్లో చాలా ఉంటాయి, వాటిల్లో ఈ తరంవీ ఉంటాయి, అందుకే ఇంత విడమరిచి చెప్తున్నా.

విండోస్‌లో వర్చువల్‌బాక్స్ పెట్టుకుని దాని లోపల ఉబుంటు నడిపేవాళ్ళకి ఇంకా ముఖ్యం. అక్కడ నిజమైన గ్రాఫిక్స్ కార్డు దొరకదు, చాలాసార్లు ఆ గీసే పనంతా ప్రాసెసర్ మీద పడుతుంది, అప్పుడు స్పీడు కోసం పెట్టుకున్న టెర్మినలే అన్నిటికన్నా బద్ధకంగా నడుస్తుంది, ఫ్యాన్ కూడా గుయ్యిమంటుంది. వర్చువల్ మెషీన్‌లో ఉన్నవాళ్ళు వచ్చిన డీఫాల్ట్‌నే ఉంచుకోండి, లేదా ఎక్స్‌ఎఫ్‌సీఈ టెర్మినల్ పెట్టుకోండి.

గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేకుండా వేగంగా నడిచేది ఒకటుంది, ఫుట్. సీ భాషలో రాసింది, గీయడం అంతా ప్రాసెసర్‌తోనే, కానీ తెరమీద మారిన భాగం మాత్రమే మళ్ళీ గీస్తుంది కాబట్టి తేలిగ్గా ఉంటుంది. దీంట్లో సర్వర్ మోడ్ ఒకటుంది, వెనక ఒక్క ప్రాసెస్ నడుస్తూ ఉంటే ఎన్ని కిటికీలు తెరిచినా అన్నీ దానికిందకే వస్తాయి, మెమరీ కలిసొస్తుంది, కిటికీ రెప్పపాటులో తెరుచుకుంటుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో ఆ తేడా నాకు కంటికి తెలిసింది. చిక్కు ఏంటంటే ఫుట్ వేలాండ్‌లో మాత్రమే నడుస్తుంది. లినక్స్‌లో కిటికీల్ని తెరమీద చూపించే కొత్త పద్ధతి వేలాండ్, పాతది ఎక్స్11. స్వే అనే వేలాండ్ విండో మేనేజర్ వాడేవాళ్ళకి దాని డీఫాల్ట్ కాన్ఫిగ్‌లోనే ఫుట్ ఉంటుంది, గ్నోమ్, కేడీఈ వేలాండ్ సెషన్లలో కూడా బాగానే నడుస్తుంది, మింట్ సిన్నమన్ మామూలుగా ఎక్స్11 మీద వస్తుంది కాబట్టి అక్కడ ఓపెన్ కాదు. లాగిన్ తెర దగ్గర గేర్ బొమ్మ నొక్కితే మీరు ఏ సెషన్‌లో ఉన్నారో తెలుస్తుంది, ఇది చూసుకోకుండా ఫుట్ ఎక్కించి రాలేదని బాధపడొద్దు.

సర్వర్‌లోకి వెళ్ళేవాళ్ళ బాధ

ఇది నా పని కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తా. నేను రోజూ పదిపదిహేను సర్వర్లలోకి ఎస్ఎస్‌హెచ్‌తో (దూరంగా ఉన్న మెషీన్‌లోకి నెట్ ద్వారా వెళ్ళే కమాండ్) వెళ్తుంటా, వాటిల్లో కొన్ని చాలా పాతవి, నా చేతిలో అప్‌డేట్ చేసే అధికారం కూడా లేనివి. కిట్టీ కొత్తగా పెట్టుకున్న వారంలో ఒక రాత్రి పన్నెండు దాటాక సర్వీస్ ఒకటి పడిపోయిందని ఫోన్ వస్తే లేచి సర్వర్‌లోకి వెళ్ళా, కాన్ఫిగ్ ఫైల్ తెరుద్దామని నానో ఎడిటర్ కొడితే టెర్మినల్ రకం తెలీదని ఎర్రర్, తెర క్లియర్ చేద్దామంటే అవ్వదు, బ్యాక్‌స్పేస్ కొడితే అక్షరం పోయే బదులు ఖాళీ గడి ముందుకి జరుగుతోంది. నిద్రమత్తులో సర్వరే పాడైందనుకున్నా, గుండె ఆగినంత పనైంది.

జరిగింది ఏంటంటే ప్రతీ టెర్మినల్ టర్మ్ అనే వేరియబుల్‌లో తన పేరు చెప్పుకుంటుంది, అవతల సర్వర్ ఆ పేరు తన దగ్గరున్న టెర్మిన్ఫో పుస్తకంలో వెతుక్కుని ఈ టెర్మినల్‌తో ఎలా మాట్లాడాలో తెలుసుకుంటుంది. గ్నోమ్ టెర్మినల్, కాన్సోల్, వెజ్‌టర్మ్ ఇవన్నీ మామూలుగా ఎక్స్‌టర్మ్-256కలర్ అనే పాత పేరే చెప్తాయి, అది ఏ సర్వర్‌కైనా తెలుసు. కిట్టీ ఎక్స్‌టర్మ్-కిట్టీ అంటుంది, ఘోస్టీ ఎక్స్‌టర్మ్-ఘోస్టీ అంటుంది, ఫుట్, అలాక్రిటీ తమ సొంత పేర్లే చెప్తాయి. పాత సర్వర్‌కి ఆ పేర్లు తెలీవు, అంతే గొడవ.

దీనికి మందు ఉంది. కిట్టీలో మామూలు ఎస్ఎస్‌హెచ్ బదులు కిట్టెన్ ఎస్ఎస్‌హెచ్ అని కొడితే ఆ పుస్తకంలో పేజీని అదే అవతలికి మోసుకెళ్ళి పెడుతుంది, ఘోస్టీలో కూడా షెల్ ఇంటిగ్రేషన్‌లో ఇలాంటి ఏర్పాటు వచ్చింది. అర్ధరాత్రి తొందరలో ఉంటే టర్మ్ వేరియబుల్‌ని ఎక్స్‌టర్మ్-256కలర్‌గా మార్చి ఎక్స్‌పోర్ట్ చేస్తే ఆ పూటకి గండం గడుస్తుంది. కానీ రోజుకో కొత్త సర్వర్, వేరేవాళ్ళ సర్వర్లు, రౌటర్లు, స్విచ్‌లు, వీటిల్లోకి వెళ్ళేవాళ్ళయితే నా సలహా సూటిగా చెప్తా, కాన్సోల్ గానీ వీటీఈ కుటుంబంలో ఏదైనా గానీ వెజ్‌టర్మ్ గానీ పెట్టుకోండి, ఈ తలనొప్పి మొదట్లోనే ఉండదు.

ఎక్స్‌టర్మ్ మాట ఎలాగూ వచ్చింది కాబట్టి, అది 1984లో పుట్టింది, 1996 నుంచి థామస్ డిక్కీ గారు చూసుకుంటున్నారు, ఇప్పటికీ కొత్త వెర్షన్లు వస్తూనే ఉన్నాయి. మిగతా అందరూ అనుకరించేది దాన్నే. చూడటానికి అందంగా ఉండదు, సెట్టింగ్స్ కోసం ఎక్స్ రిసోర్సెస్ ఫైల్‌లో రాయాలి, రోజువారీ వాడకానికి నేను చెప్పను. కానీ కాన్ఫిగ్ పాడై ఏ టెర్మినలూ తెరుచుకోని రోజున లేచి నిలబడేది అదే, అందుకని నా ప్రతీ మెషీన్‌లో ఎక్కించి పక్కన ఉంచుతా.

కిటికీ చీల్చుకోవడం, టీమక్స్

ఒకే కిటికీలో ఎడమవైపు కోడ్, కుడివైపు లాగ్, కింద షెల్ పెట్టుకోవాలంటే కాన్సోల్, కిట్టీ, వెజ్‌టర్మ్, ఘోస్టీ, టెర్మినేటర్, టిలిక్స్, అన్నిటిలో ఉంది. అలాక్రిటీలో ట్యాబ్‌లు కూడా లేవు, అది కావాలని తీసుకున్న నిర్ణయం, ఆ పని టీమక్స్‌తో (టెర్మినల్ లోపల నడుస్తూ చాలా కిటికీల్ని, సెషన్లని చూసుకునే ప్రోగ్రామ్) గానీ విండో మేనేజర్‌తో గానీ చేసుకోండి అంటారు వాళ్ళు. ఫుట్ కూడా అంతే.

మీ పని వేరే మెషీన్లలో ఉంటే ఏ టెర్మినల్ వాడినా టీమక్స్ నేర్చుకోండి. కరెంటు పోయి వైఫై ఆగిపోతే టెర్మినల్‌లో చీల్చుకున్న కిటికీలన్నీ సెషన్‌తో సహా పోతాయి, సర్వర్‌లో టీమక్స్ లోపల నడుస్తున్న పని మాత్రం నడుస్తూనే ఉంటుంది, మళ్ళీ నెట్ వచ్చాక అటాచ్ అయితే వదిలేసిన చోటే ఉంటారు. కిట్టీ డాక్యుమెంట్లలో టీమక్స్ లాంటివి వాడొద్దనే రాసుంటుంది, మధ్యలో ఇంకో పొర వస్తే కొత్త సదుపాయాలు సరిగ్గా అందవని వాళ్ళ వాదన. అది నిజమే, కానీ ఆగిపోయే నెట్‌తో బతికేవాళ్ళకి ఆ పొర కావాలి. వెజ్‌టర్మ్‌కి సొంతంగా ఇలాంటి సెషన్ ఏర్పాటు ఉంది, అవతల కూడా వెజ్‌టర్మ్ ఎక్కించుకోగలిగితే బాగా పనిచేస్తుంది. దాని కాన్ఫిగ్ లువా భాషలో రాయాలి, ప్రోగ్రామింగ్ ఇష్టం ఉన్నవాళ్ళకి పండగే. ఒకటి మాత్రం గమనించండి, దాని చివరి స్టేబుల్ రిలీజ్ 2024 ఫిబ్రవరిది, ఆ తర్వాత నుంచి నైట్లీ బిల్డ్‌లే, అంటే ఇంకా పూర్తిగా ఖాయం చేయని రోజువారీ వెర్షన్లే, వాడుకోవాల్సి వస్తోంది, ఆఫీసు మెషీన్‌లో పెట్టేముందు ఇది ఆలోచించుకోండి.

తెలుగు సంగతి

అసలు ఈ పోలిక రాయాలనిపించిందే దీనికోసం. పేర్లు తెలుగులో ఉన్న ఫైళ్ళు, తెలుగు టెక్స్ట్ మీద పైథాన్‌తో పనిచేసేవాళ్ళు, తెలుగు డేటాసెట్‌లు చూసేవాళ్ళు, గిట్‌లో తెలుగు అనువాదాలు కమిట్ చేసేవాళ్ళు, మనలో తక్కువేం లేరు. వాళ్ళు టెర్మినల్ తెరిస్తే లక్ష్మి అని ఉండాల్సిన చోట క పక్కన పొల్లు, ష పక్కన పొల్లు విడివిడిగా కనిపిస్తాయి. చాలామంది ఫాంట్ లోపం అనుకుని పదిరకాల ఫాంట్లు ఎక్కిస్తారు. ఎక్కువసార్లు ఫాంట్ తప్పు కాదు.

వీటీ100 గళ్ళ లెక్క గుర్తుందా, ఇప్పుడు దానితో పని పడింది. టెర్మినల్ తెర అంటే గళ్ళ నోటుపుస్తకం, ఒక్కో అక్షరానికి ఒక్కో గడి. లక్ష్మి మనకి రెండే అక్షరాలు, యూనికోడ్‌లో (కంప్యూటర్లు అన్ని భాషల అక్షరాల్ని దాచుకునే లెక్క) మాత్రం ఏడు ముక్కలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. పొల్లు, గుడి గడి తీసుకోవని పాత లెక్క, అందుకని ఈ మాటకి నాలుగు గళ్ళు కేటాయిస్తుంది. కంటికి రెండు, లెక్కకి నాలుగు. ఇంకో చిత్రం చూడండి, యూనికోడ్ మన గుడిని స్థలం తీసుకోని గుర్తుల్లో వేసింది, కొమ్ముని స్థలం తీసుకునే గుర్తుల్లో వేసింది, అందుకే చాలా టెర్మినళ్ళలో 'కి' అక్షరానికి ఒక గడి, 'కు' అక్షరానికి రెండు గళ్ళు. ప్రోగ్రామ్ ఒక లెక్క వేస్తుంది, టెర్మినల్ ఇంకో లెక్క వేస్తుంది, మధ్యలో కర్సర్ ఎక్కడో నిలబడుతుంది, మీరు ఒక అక్షరం చెరిపేద్దామంటే వేరే అక్షరం పోతుంది. మన వత్తుల్ని కలిపి గీయడం ఎంత కష్టమైన పనో తెలియాలంటే 2018 ఫిబ్రవరి గుర్తుచేసుకోండి, జ్ఞా రూపంలో ఉన్న ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి, యాపిల్ దానికోసం ప్రత్యేకంగా అప్‌డేట్ ఇచ్చింది.

టెర్మినళ్ళ వారీగా చెప్తా. అలాక్రిటీ అక్షరాల్ని కలిపి మలిచే పనే చేయదు, ముక్కని ముక్కలాగే గీస్తుంది, తెలుగుకి అస్సలు పనికిరాదు. వీటీఈ కుటుంబంలో గడి లోపల ఉన్న గుడి, పొల్లు బానే అతుకుతాయి, గడి దాటిన వత్తు కలవదు, కాబట్టి కవి అనే మాట బావుంటుంది, అమ్మ అనే మాట విడిపోతుంది. కాన్సోల్‌లో వత్తులు చాలావరకు కలిసి చదవడానికి వీలుగా వస్తాయి, కర్సర్ లెక్క మాత్రం పక్కకి జరుగుతుంది, అంటే చదువుకోవడానికి సరే, లైన్ మధ్యలో దిద్దడానికి ఓపిక కావాలి. కిట్టీ హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీతో అక్షరాల్ని మలుస్తుంది, అదే లైబ్రరీ ఫైర్‌ఫాక్స్‌లోనూ ఉంటుంది. 2023లో యూనికోడ్ 15.1 తెలుగు లాంటి లిపుల్లో వత్తుతో సహా అక్షరాన్ని ఒకే గుత్తిగా లెక్కపెట్టాలని రూల్ తెచ్చింది. 2025లో వచ్చిన కిట్టీ 0.40 నుంచి గళ్ళు విడగొట్టేటప్పుడు ఇలాంటి యూనికోడ్ గుత్తి రూల్సే వాడుతోంది. కిట్టీ రాసిన కోవిద్ గోయల్ మన దేశంలో పుట్టినవారే, ఈ-బుక్స్ చదివేవాళ్ళందరికీ తెలిసిన క్యాలిబర్ కూడా ఆయనదే.

కిట్టీలో తెలుగు బాగా రావాలంటే రెండు పనులు చేయండి. ఒకటి, కాన్ఫిగ్‌లో సింబల్ మ్యాప్ అనే సెట్టింగ్‌లో తెలుగు యూనికోడ్ పరిధి 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌కి కట్టేయండి, అప్పుడు ఇంగ్లీషుకి మీకిష్టమైన ఫాంట్, తెలుగుకి ఇది, రెండూ గొడవ పడవు. రెండు, ఎక్స్11లో ఐబస్‌తో (వేరే భాషల్లో టైప్ చేయించే ప్రోగ్రామ్) తెలుగు టైప్ చేస్తుంటే జీఎల్ఎఫ్‌డబ్ల్యూ ఐఎమ్ మాడ్యూల్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఐబస్ అని పెట్టాలి, లేకపోతే మీరు ఎంత భాష మార్చినా ఇంగ్లీషే పడుతుంది. ఇది తెలీక నేను రెండు రోజులు ఐబస్‌నే తిట్టుకున్నా.

ఇంకొకటుంది, ఎక్కువమందికి తెలీదు, ఎమ్ఎల్‌టర్మ్. పేరులోనే బహుభాషా టెర్మినల్ అని ఉంది, జపాన్ వాళ్ళు మొదలుపెట్టింది, భారతీయ లిపుల కోసం ఇస్కీ అనే పాత ఎన్‌కోడింగ్ దగ్గర నుంచి ఆలోచించి రాశారు. ఓపెన్‌టైప్ లేఅవుట్ సెట్టింగ్ ఆన్ చేస్తే వత్తులు చక్కగా వస్తాయి. పాత ముఖం, మెనూ పాతకాలంది, కానీ తెలుగు టెక్స్ట్ చూడటమే ప్రధానమైన పనైతే ఒక్కసారి పెట్టి చూడండి.

పరీక్ష కోసం నేను వాడేది నాలుగే మాటలు: అమ్మ, లక్ష్మి, స్త్రీ, కర్తృత్వం. ఎకోతో తెరమీద వేసి, తర్వాత కమాండ్ లైన్‌లో వాటి మధ్యకి బాణం కీతో వెళ్ళి ఒక అక్షరం చెరిపి చూడండి. కనపడటం ఒక పరీక్ష, చెరపడం ఇంకో పరీక్ష. మొదటిది పాసైనవి కొన్ని ఉన్నాయి, షెల్ లోపల లైన్ దిద్దేటప్పుడు రెండోది పూర్తిగా పాసైంది నాకు ఒక్కటీ కనపడలేదు, ఎందుకంటే అక్కడ షెల్ కూడా తన లెక్క తాను వేసుకుంటుంది. టీమక్స్ మధ్యలో ఉంటే మూడో లెక్క కలుస్తుంది. అందుకే తెలుగు వాక్యాలు రాయడం, దిద్దడం టెర్మినల్‌లో పెట్టుకోవద్దు, ఆ పనికి కేట్ గానీ జీఎడిట్ గానీ, ఇలాంటి టెక్స్ట్ ఎడిటర్ తెరవండి, టెర్మినల్‌ని చూడటానికి, ఫైళ్ళు నడపడానికి ఉంచండి.

మిగతావి గబగబా

వెనక్కి స్క్రోల్ చేసే లైన్లు డీఫాల్ట్‌గా ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటాయి. గ్నోమ్ టెర్మినల్, అలాక్రిటీ 10,000 ఉంచుతాయి, వెజ్‌టర్మ్ 3,500, కిట్టీ 2,000, కాన్సోల్, ఫుట్ 1,000 మాత్రమే. పెద్ద బిల్డ్ నడిపి మొదట్లో వచ్చిన ఎర్రర్ చూద్దామని పైకి వెళ్తే ఉండదు, మొదటిరోజే పెంచుకోండి. టెర్మినల్‌లోనే బొమ్మలు చూడాలంటే కిట్టీ, ఘోస్టీ, వెజ్‌టర్మ్, కాన్సోల్, ఫుట్ చూపిస్తాయి, అలాక్రిటీ చూపించదు. కోడ్ ఫాంట్లలో బాణం గుర్తులు కలిసి రావాలంటే, అదే లిగేచర్లు, అలాక్రిటీ, ఫుట్ రెండూ వద్దు. ఒక కీ నొక్కితే పైనుంచి జారి దిగే టెర్మినల్ కావాలంటే కేడీఈలో యాక్వేక్, గ్నోమ్‌లో గ్వేక్, ఎక్స్‌ఎఫ్‌సీఈ టెర్మినల్‌లో అది లోపలే ఉంది.

ఘోస్టీ గురించి కూడా న్యాయంగా చెప్పాలి. హాషీకార్ప్ పెట్టినవాళ్ళలో ఒకరైన మిచెల్ హాషిమోటో జిగ్ భాషలో రాశారు, 2024 డిసెంబర్ 26న 1.0 వచ్చింది. కాన్ఫిగ్ ఫైల్ రాయకుండానే మొదటి నిమిషం నుంచి అందంగా ఉంటుంది, జెట్‌బ్రెయిన్స్ మోనో ఫాంట్ లోపలే వస్తుంది, గ్నోమ్‌లో సొంత ఇంటి మనిషిలా కలిసిపోతుంది. మొదటి వెర్షన్లలో వెనక్కి వెళ్ళి మాట వెతుక్కునే సదుపాయం కూడా లేదు, అది నాకు రోజూ కావాల్సింది కాబట్టి అప్పుడు వదిలేశా. కొత్త ల్యాప్‌టాప్ ఉండి సెట్టింగ్స్‌తో కుస్తీ పట్టడం ఇష్టం లేనివాళ్ళకి ఇప్పుడు ధైర్యంగా చెప్తా.

మరి ఎవరికి ఏది అంటే, కేడీఈలో ఉన్నవాళ్ళు కాన్సోల్‌ని వదలొద్దు, తెలుగు చదవడం, చీల్చుకోవడం, బొమ్మలు, పాత సర్వర్లు, అన్నీ ఒక్కచోట సర్దుకునేది నాకు తెలిసి అదొక్కటే, దానికి రావాల్సిన పేరు రాలేదు. కొంచెం కాన్ఫిగ్ రాసుకునే ఓపిక ఉండి తెలుగు కావాలంటే కిట్టీ. వేలాండ్, తక్కువ ర్యామ్ అయితే ఫుట్. టీమక్స్‌లోనే బతికేసి, ఇంగ్లీషు తప్ప వేరే లిపి అక్కర్లేనివాళ్ళకి అలాక్రిటీ నిజంగా హాయి, కాన్ఫిగ్ ఒక చిన్న టామ్ల్ ఫైల్, 2023 చివర్లో యామ్ల్ నుంచి మారింది కాబట్టి నెట్‌లో దొరికే పాత కాన్ఫిగ్‌లు నేరుగా అతికించొద్దు. నేర్చుకోవడం ఇప్పుడే మొదలుపెట్టినవాళ్ళు ఉన్నదే ఆరు నెలలు వాడండి, ఏది అడ్డం వస్తోందో ఒక కాగితం మీద రాసుకోండి, ఆ కాగితమే చెప్తుంది ఏది కావాలో.

మా తమ్ముడు చివరికి గ్నోమ్ టెర్మినల్ అలాగే ఉంచుకున్నాడు, స్క్రోల్ లైన్లు పెంచి, ఫాంట్ సైజు 13 చేసి, టీమక్స్ ఎక్కించుకున్నాడు. వాళ్ళ తాతయ్య రాసిన పద్యాలు టైప్ చేసి పెట్టుకున్న ఫోల్డర్ ఒకటుంది వాడి దగ్గర, ఫైళ్ళ పేర్లన్నీ తెలుగులోనే. అవి చూడటానికి మాత్రం కాన్సోల్ కూడా పెట్టించా. వారం తర్వాత ఫోన్ చేసి "అన్నా, శ్రీకృష్ణ శతకం అని పేరు సరిగ్గా కనిపిస్తోంది, శ కింద ర వత్తు కూడా వస్తోంది" అన్నాడు.